పద్నాలుగో నిబంధన

నాలుగేళ్ళ ఫీజు ఒకేసారి కట్టేసిన అమ్మాయికి ఫీజు కట్టే స్థోమత లేదని మా విశ్వవిద్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు మంగళవారం, ఆగస్టు పంతొమ్మిది. సమావేశంలో అయిదుగురం ఉన్నాం. నేను మూడు బిస్కెట్లు తిని, తీర్మానం కింద సంతకం పెట్టాను.

నా పేరు పానకాలరావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక దినపత్రికలో పనిచేశాను. రిటైరయ్యాక ఈ విశ్వవిద్యాలయంలో ప్రచురణల సలహాదారుగా చేరాను. నెలకి పాతిక వేలు. కాంట్రాక్టు ఏడాదికోసారి సెప్టెంబరులో పొడిగిస్తారు. నా గది జిరాక్సు మిషను పక్కన. ఇంతవరకు నన్నెవరూ సలహా అడగలేదు. ప్రెస్ నోట్లు రాయమంటారు, రాస్తాను. పత్రికలో ఉన్నప్పుడు విశేషణాలు కనిపిస్తే కొట్టేసేవాణ్ణి. ఇక్కడ నేను రాసినదాంట్లో విశేషణాలు రిజిస్ట్రారు గారు స్వయంగా చేరుస్తారు.

విశ్వవిద్యాలయం హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఒక పక్క పొగాకు ఆరబెట్టే బేరన్లు, ఇంకో పక్క రొయ్యల చెరువులు.

స్థోమత సంగతి ఎలా మొదలైందో చెప్పాలి. గత ఏడాది మా వైస్ చాన్సలర్ గారు ఒక బృందంతో విదేశాలకి వెళ్ళారు. పది రోజుల్లో ఆరు విశ్వవిద్యాలయాలు చూశారు. వస్తూ చాక్లెట్లూ ఒక కాగితమూ తెచ్చారు. చాక్లెట్లు డీన్ల దాకా అందాయి. కాగితం రిజిస్ట్రారు ఆచార్య దైవాధీనం గారికి చేరింది. అక్కడివాళ్ళు పరాయి దేశం నుంచి వచ్చే విద్యార్థుల చేత నింపించుకునే పత్రం అది. చదువుకి సరిపడా డబ్బు నీ దగ్గరుందని నిరూపించు, ఆ తర్వాతే మిగతా మాటలు, అని దాని సారాంశం.

"చూశారా పానకాలరావు గారూ," అన్నారు దైవాధీనం గారు. "మన పిల్లలు అక్కడికెళితే నిరూపించుకోవాలి. ఇక్కడికి ఎవరైనా వస్తే మనం ఏమీ అడగం. గేటు బార్లా తీసి కూర్చుంటాం. ఇంక మనకి ర్యాంకు ఎలా వస్తుంది?"

"ఇక్కడికి ఎవరూ రావట్లేదు కదండీ."

"అడగట్లేదు గనకే రావట్లేదు."

ఈ మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. పాత అలవాటు.

దైవాధీనం గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. అది మూడు నెలలు కూర్చుని 'ఆర్థిక స్థోమత నిరూపణ నిబంధనలు' తయారుచేసింది. మొత్తం పద్నాలుగు నిబంధనలు, రెండున్నర పేజీలు. వైస్ చాన్సలర్ గారు చూసి, విదేశాల్లో ఇది ఒక్క పేజీ ఉంటుందని, మనది కూడా అంతర్జాతీయ ప్రమాణాలకి అనుగుణంగా ఒక్క పేజీయే ఉండాలని రాసి వెనక్కి పంపారు. దైవాధీనం గారు ఆ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"మీరు పత్రికా రంగంలో తలపండినవారు. కుదించడం మీకు కొత్త కాదు."

ఇరవై నిమిషాల్లో కుదించి ఇచ్చాను. పాలకమండలి ఆ పేజీని ఆమోదించింది. నన్ను అభినందిస్తూ వేరే తీర్మానం చేసింది. దాన్ని ఫ్రేము కట్టించుకున్నాను.

ఎలా కుదించానో తర్వాత చెబుతాను. అసలు విషయం మొదటి పేరాలోనే చెప్పాలని చాలామంది విలేకరులకి నేర్పినవాణ్ణి. ఇక్కడ ఆ పద్ధతి పాటించడం లేదు. పాటిస్తే మీరు నా గురించి మొదటి పేరాలోనే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు.

ఆగస్టు పదకొండున తదాలా మ్కందవీరే వచ్చింది. వయసు పంతొమ్మిది. దేశం మలావీ. అక్కడ ఒక సరస్సు ఉంది. వాళ్ళమ్మ ఆ ఒడ్డున చేపలు కొని, ఎండబెట్టి, ఊళ్ళకి పంపుతుంది. కూతురు చేపల పెంపకంలో డిగ్రీ చదివి, వెనక్కి వెళ్ళి పిల్లల కేంద్రం, అంటే చేపపిల్లల కేంద్రం, పెట్టాలని వాళ్ళ ఏర్పాటు.

విశ్వవిద్యాలయం చరిత్రలో మొదటి విదేశీ విద్యార్థిని గనక గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫొటో సమయానికి దొరక్క వైస్ చాన్సలర్ గారి ఫొటోలు రెండు వేశారు. 'అంతర్జాతీయ విశ్వవిద్యాలయంగా ఆవిర్భావం' అని నేను ప్రెస్ నోట్ రాశాను.

ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి పదహారు వందల డాలర్లు. ఆమె విమానం ఎక్కకముందే నాలుగేళ్ళదీ, ఆరు వేల నాలుగు వందలు, ఒకేసారి వచ్చేసింది. అంత తొందరేమిటని అడిగాను.

"మా డబ్బు విలువ నెలనెలా పడిపోతోంది సార్," అంది తదాలా ఇంగ్లిషులో. "ఏడాదికోసారి కట్టుకుంటూ పోతే రెండు పడవలు అమ్మాలి, ఇప్పుడే కట్టేస్తే ఒకటి చాలు, అంది అమ్మ."

"అమ్మేశారా?"

"పడవ, ఇంజనూ."

"మరి రెండో పడవ?"

"రెండోది లేదు సార్. అది లెక్క చెప్పడానికి అంది."

ఫీజు రసీదు నంబరు నూట పదిహేడు. ఆ అమ్మాయి దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెంట తిప్పుకునేది.

మూడో రోజు అంతర్జాతీయ వ్యవహారాల విభాగానికి రమ్మన్నారు. ఫొటో తీయించడానికి నేనూ వెళ్ళాను. ఆ విభాగంలో ఉన్నది సూపరింటెండెంటు భాగ్యవతి గారు ఒక్కరే. అంతకుముందు హాస్టలు దుప్పట్ల స్టాకు ఆవిడే చూసేవారు. ఇప్పుడూ చూస్తున్నారు.

"బ్యాంకు నిల్వ సర్టిఫికెట్ ఏదమ్మా?"

"రసీదు ఉంది మేడం. నాలుగేళ్ళదీ."

"రసీదు కట్టినందుకు. నేనడిగేది కట్టగలిగినందుకు."

"కట్టగలిగాను గనకే కట్టాను కదా మేడం?"

"అది అయిపోయిన సంగతి. అయిదో నిబంధన చూడు. పరిశీలన జరిగే తేదీ నాడు ఖాతాలో రెండు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయలకి తగ్గకుండా ఉండాలి. నీ ఖాతాలో ఎంతుంది?"

"నలభై ఒక్క డాలర్లు."

భాగ్యవతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కాగితం ప్రకారం పోయే మనిషి. ఆ కాగితం నాది.

తదాలా ఆ పేజీని చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మా విశ్వవిద్యాలయంలో ఆ పని చేసిన మొదటి మనిషి.

"మేడం, ఒకటో నిబంధనలో 'పద్నాలుగో నిబంధనకి లోబడి' అని ఉంది. ఈ పేజీలో తొమ్మిదే ఉన్నాయి. పద్నాలుగోది ఎక్కడుంది?"

భాగ్యవతి గారు నా వైపు చూశారు. మా ఆఫీసు కాగితాల్లో ప్రతిదీ ఏదో ఒకదానికి లోబడే ఉంటుంది. దేనికని ఎవరూ అడగరు.

"అచ్చుతప్పు," అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళలో సరిచూసుకోకుండా ఒక్క ముక్క అచ్చుకి పంపలేదు. ఇది అచ్చుకి పంపేది కాదు గనక ఫరవాలేదనుకున్నాను.

ఏడో నిబంధన ప్రకారం స్థోమత తేలనివాళ్ళకి బోనఫైడ్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. అది లేకపోతే విదేశీయుల నమోదు జరగదు. దేశంలో అడుగుపెట్టిన పద్నాలుగు రోజుల్లో ఆ నమోదు కావాలి. ఆగస్టు ఇరవై అయిదు దాటితే తదాలా వెనక్కి వెళ్ళాలి. ఆమె వెనక్కి వెళ్ళగలదు. పడవ వెనక్కి రాదు.

అందుకే మంగళవారం నాటి సమావేశం.

"ఇది సున్నితమైన, చారిత్రాత్మకమైన, అంతర్జాతీయ ప్రాధాన్యత గల అంశం," అని మొదలుపెట్టారు దైవాధీనం గారు. "సూటిగా అడుగుతున్నాను. ఆ అమ్మాయి దగ్గర డబ్బుందా, లేదా?"

"ఉండేదండి," అన్నారు ఫైనాన్స్ ఆఫీసరు గారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు మన దగ్గరుంది."

"మన దగ్గరున్న డబ్బు ఎవరిది?"

"మనదేనండి."

"మన డబ్బుని ఆమె స్థోమతగా చూపిస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరండి. ఒకే డబ్బుని రెండు చోట్ల చూపించినట్టవుతుంది."

"అంటే, కట్టకుండా ఉంటే స్థోమత ఉండేది."

"పుష్కలంగా ఉండేదండి. కావలసినదానికి రెట్టింపు."

"కట్టడం వల్లే పోయింది."

"అంతేనండి."

దైవాధీనం గారు పెన్ను కింద పెట్టారు. "తొందరపాటు పిల్ల," అన్నారు.

ఏదో ఒకటి చేయాలనిపించి నేను నోరు తెరిచాను. "ఒక్క రోజుకి ఆమె డబ్బు ఆమెకిచ్చేసి, బ్యాంకు సర్టిఫికెట్ తెప్పించుకుని, మర్నాడు మళ్ళీ కట్టించుకుంటే?"

నేను పత్రికలో ఉండగా ఇలాంటి ఒక్క రోజు డబ్బుల మీద మూడు భాగాల కథనం రాశాను. దానికి బహుమతి వచ్చింది. ఆ సంగతి సమావేశంలో చెప్పలేదు.

"వాపసు ఇవ్వాలంటే అడ్మిషను రద్దు చేయాలండి," అన్నారు ఫైనాన్స్ ఆఫీసరు గారు.

"చేద్దాం," అన్నారు దైవాధీనం గారు.

"రద్దు చేస్తే ఆమె మన విద్యార్థిని కాదు. కానివాళ్ళ స్థోమత మనం పరిశీలించకూడదు."

"పరిశీలించడానికి మళ్ళీ చేర్చుకుందాం."

"ప్రవేశాల గడువు జులైతో అయిపోయిందండి."

దైవాధీనం గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక ఆయన ముఖంలో బాధ లేదు. "పకడ్బందీ నిబంధన," అన్నారు. "ఎటు నుంచి వచ్చినా సందు లేదు. పానకాలరావు గారి చేతి చలవ."

నేను రెండో బిస్కెట్ తీసుకున్నాను.

మిగిలింది ఎనిమిదో నిబంధన. స్థానికంగా ఎవరైనా హామీ ఉండవచ్చు, కానీ వాళ్ళ ఖాతాలో అదే రెండు లక్షల డెబ్బై అయిదు వేలు ఉండాలి. దైవాధీనం గారు మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశారు. ఆ రోజు పంతొమ్మిదో తేదీ. ఫైనాన్స్ ఆఫీసరు గారికి ఫ్లాటు వాయిదా అప్పుడే పోయింది. డీన్ గారు బంగారం కుదువపెట్టి ఉన్నారు. దైవాధీనం గారిదంతా స్థలాల మీద ఉంది. నా వంతు వచ్చింది. పత్రికా ఉద్యోగికి వచ్చే పెన్షన్ నెలకి రెండు వేల ఎనిమిది వందల నలభై ఒక్క రూపాయలు. చెబితే నమ్మలేదు. స్లిప్పు తెప్పించి ఫైలులో జతపరిచారు. దాని మీద 'పరిశీలించి తిరస్కరించడమైనది' అని రాశారు. భాగ్యవతి గారిని దుప్పట్ల స్టాకు ఎంతుందని అడిగారు.

"పోనీ విశ్వవిద్యాలయమే హామీ ఉంటే?" అన్నారు డీన్ గారు.

ఫైనాన్స్ ఆఫీసరు గారు దగ్గారు. "మన జనరల్ ఖాతా ఓవర్‌డ్రాఫ్టులో ఉందండి. నిల్వ ఉన్నది ఒక్క అంతర్జాతీయ విద్యార్థుల నిధిలోనే."

"అందులో ఎంతుంది?"

"ఆ అమ్మాయి కట్టిందే."

ఆ లెక్కన మా విశ్వవిద్యాలయం మొత్తంలో డబ్బున్న మనిషి తదాలా ఒక్కతే. స్థోమత లేనిదని తేలిన మనిషి కూడా ఆమె ఒక్కతే. మమ్మల్ని ఎవరూ నిరూపించుకోమనలేదు.

తీర్మానం ఇలా రాశారు: "సదరు విద్యార్థిని నాలుగు సంవత్సరముల రుసుమును ఏకమొత్తముగా చెల్లించి, తద్వారా చెల్లించు స్థోమతను కోల్పోయినందున, బోనఫైడ్ ధ్రువపత్రము జారీ చేయుట సాధ్యపడదని కమిటీ విచారముతో నిర్ణయించడమైనది." వాక్యం పొడుగైందని నేను రెండు చోట్ల కామాలు పెట్టి సంతకం చేశాను.

సాయంత్రం మెస్సుకి వెళ్ళాను. టీ కోసం వెళ్ళానని చెప్పుకున్నాను. వంట చూసే కోటమ్మ బియ్యం చెరుగుతోంది. తదాలా పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. వారం రోజుల్లో ఇద్దరికీ మాట కలిసింది. ఆమె తెలుగు ఈమెకి సగం అర్థమవుతుంది, ఈమె ఇంగ్లిషు ఆమెకి అసలు అర్థం కాదు. దానివల్ల ఇబ్బందేమీ వచ్చినట్టు లేదు.

"ఏం సారూ, మా పిల్లని పంపించేస్తున్నారంట?" అంది కోటమ్మ.

"ఇంకా తేలలేదమ్మా."

"తేలకపోవడమేంటి? డబ్బులు కట్టిందంటగా? కట్టినోళ్ళని పంపించేసి కట్టనోళ్ళని పెట్టుకుంటారా?"

తదాలా నాకు టీ ఇచ్చి, కవరులోంచి రసీదు కాకుండా ఆ పేజీ తీసింది.

"సార్, మా అమ్మ చేపలు కొనేటప్పుడు బుట్టలో పైన ఉన్నవి చూడదు. చెయ్యి లోపలికి పెట్టి అడుగువి తీసి చూస్తుంది. ఈ పద్నాలుగోది ఎక్కడో అడుగున ఉండి ఉంటుంది. మీకు కనిపిస్తే చెప్పండి."

టీ వదిలేసి నా గదికి వచ్చాను. సొరుగులో రెండున్నర పేజీలూ ఉన్నాయి.

ఎలా కుదించానో ఇప్పుడు చెప్పాలి. పత్రికలో చోటు చాలకపోతే వార్తని కింద నుంచి కత్తిరిస్తారు. అందుకే విలేకరి ముఖ్యమైనదంతా పైన పెడతాడు. కిందిది పోయినా నష్టం ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే కత్తిరించాను. సభల వార్తల్లో వందన సమర్పణలు, ప్రారంభోత్సవాల్లో పాల్గొన్నవారి పేర్లు, వేలకొద్దీ పోయి ఉంటాయి. నిబంధనలు రాసేవాళ్ళు దీనికి తలకిందులుగా రాస్తారని నాకు తెలియదు. వాళ్ళు అడ్డంకులన్నీ పైన పేర్చి, వదిలిపెట్టేది చివర పెడతారు. పది నుంచి పద్నాలుగు దాకా నేను చదవలేదు. స్కేలుతో కొలిచాను. తొమ్మిది దగ్గరికి పేజీ సరిపోయింది.

పద్నాలుగో నిబంధన ఒక్క వాక్యం. "రుసుము ముందుగా చెల్లించినవారికి పై నిబంధనలేవీ వర్తించవు."

మర్నాడు పొద్దున్నే ఆ కాగితాలు భాగ్యవతి గారికి చూపించాను. ఆవిడ చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివారు.

"అచ్చుతప్పు అన్నారు."

"అన్నాను."

"పదండి," అన్నారు.

దైవాధీనం గారి గదిలో నిలబడి జరిగింది చెప్పాను. గోడ మీద కాలెండరులో సెప్టెంబరు వైపు చూడకుండా చెప్పాను. ఆయన సాంతం విన్నారు.

"ఈ రెండున్నర పేజీలకి పాలకమండలి ఆమోదం ఉందా?"

"లేదండి. నేను కుదించిన పేజీకే ఉంది."

"అయితే పద్నాలుగో నిబంధన లేదు."

"అది రాసింది మీరేనండి. మీ చేతిరాతే ఇది."

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు. "పోలిక ఉంది. కానీ ఆమోదం లేనిదాన్ని అధికారికంగా నేను గుర్తుపట్టలేను. సవరణ కావాలంటే పాలకమండలి ముందు పెట్టాలి. అది నవంబరులో కూర్చుంటుంది."

"ఆ అమ్మాయి గడువు ఇరవై అయిదండి."

"ఆ అమ్మాయి కోసం నవంబరుని ముందుకి జరపలేం కదా." ఆయన లేచి వచ్చి నా భుజం తట్టారు. "మీరు తప్పు ఒప్పుకోవడం నాకు నచ్చింది. ఇది అరుదైన, ఆదర్శవంతమైన గుణం. ఫైలులో మాత్రం పెట్టకండి. మీ కాంట్రాక్టు కూడా ఆ ఫైలులోనే ఉంది."

నేను పెట్టలేదు.

వరండాలోకి వచ్చాక భాగ్యవతి గారు ఆగారు. "ఎనిమిదో నిబంధనలో ఏముంది?"

"స్థానికంగా హామీ."

"ఎవరి హామీ?"

"ఎవరైనా వ్యక్తి..."

"వ్యక్తి గాని, సంఘం గాని. మీరే కదా కుదించింది? నిన్న అందరూ ఎవరి ఖాతా వాళ్ళు తలుచుకున్నారు. రెండో మాట ఎవరూ చదవలేదు."

"మీకు నిన్ననే తెలుసా?"

"అడిగితే చెప్పేదాన్ని. నన్నడిగింది దుప్పట్లు."

మెస్సులో పనిచేసే ఆడవాళ్ళు పదిమందికి ఒక పొదుపు సంఘం ఉంది. పేరు శ్రీ గంగానమ్మ మహిళా పొదుపు సంఘం. కోటమ్మ అధ్యక్షురాలు. తొమ్మిదేళ్ళుగా నెలకి తలా రెండు వందలు వేసుకుంటున్నారు, అందులోంచే వడ్డీకి ఇచ్చుకుంటున్నారు. గురువారం మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక వరండాలో కూర్చున్నారు. భాగ్యవతి గారూ నేనూ వెళ్ళాం. విషయం చెప్పే పని నాకు పడింది.

"మేం ఎంత కట్టాలి?" అంది కోటమ్మ.

"ఏమీ కట్టక్కర్లేదు. ఆ అమ్మాయి కట్టేసింది."

"మరి మేం చేసేదేంటి?"

"కట్టగలమని రాసివ్వాలి."

"కట్టేసినదాన్నా?"

"అవును."

పదిమందీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఇది మీరందరూ కూర్చుని ఆలోచించారా సారూ?"

"మూడు నెలలు."

"చదువుకున్నోళ్ళేనా అందరూ?"

భాగ్యవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సంఘం ఖాతాలో మూడు లక్షల ఆరు వేలు ఉంది. చిక్కు ఒక్కటే. అందులోంచి యాభై వేలు సభ్యురాలు ఆదెమ్మ గేదె కోసం అప్పు తీసుకోవాలని కిందటి సమావేశంలో రాసుకున్నారు. మర్నాడు బేరం ఖాయం చేసుకోవాలి. యాభై వేలు తీస్తే మిగిలేది మనకి కావలసిన అంకె కన్నా తగ్గుతుంది.

అందరూ ఆదెమ్మ వైపు చూశారు. ఆమె చేతులు చీరకి తుడుచుకుంటోంది.

"ఎన్నాళ్ళు ఆగాలి?"

"శుక్రవారం పరిశీలన. శనివారం తీసుకోవచ్చు," అన్నారు భాగ్యవతి గారు.

"ఆ గేదెకి ఇంకోడు కూడా బేరమాడుతున్నాడు." ఆమె తదాలాని చూసింది. "ఈ పిల్ల వాళ్ళమ్మ ఏం అమ్మిందన్నారు?"

"పడవ," అన్నాను.

"సరేలే. ఆడు కొనుక్కుంటే కొనుక్కుంటాడు. రాయండి."

తీర్మానాల పుస్తకంలో నాలుగు వాక్యాలు రాశారు. చివర కోటమ్మ ఒక షరతు పెట్టించింది. హామీ ఉంటున్నాం గనక పిల్ల కూడా అందరిలాగే నెలకి రెండు వందలు వేయాలి. తదాలా అక్కడికక్కడే మొదటి నెలది తీసి ఇచ్చింది. ఆరు సంతకాలు, నాలుగు వేలిముద్రలు. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. కుదించడానికి నాకేమీ మిగల్లేదు.

శుక్రవారం బ్యాంకు సర్టిఫికెట్ వచ్చింది. దైవాధీనం గారు ఫైలు తిప్పి చూశారు.

"ఈ సంఘానికి ఫీజు చెల్లించే ఉద్దేశం ఉందా?"

"చెల్లించాల్సిన ఫీజే లేదండి," అన్నారు భాగ్యవతి గారు.

"అయితే ఏ ప్రమాదమూ లేదు. ఆమోదించండి."

బోనఫైడ్ ఇచ్చారు. శనివారం తదాలా నమోదు పూర్తయింది. ఆదెమ్మ వెళ్ళేసరికి గేదె అమ్ముడుపోయింది.

ఆ సాయంత్రమే దైవాధీనం గారు ప్రెస్ నోట్ అడిగారు. ఈసారి ముఖ్యమైనది పైనే పెట్టాను. 'నాలుగేళ్ళ ఫీజు ముందుగానే చెల్లించిన మలావీ విద్యార్థిని...' అని మొదలుపెట్టాను. ఆయన చదివి తల అడ్డంగా ఊపారు.

"ఇది పైన ఉంటే మనం చేసిన మేలేమిటో పాఠకుడికి అర్థం కాదు. దీన్ని కిందకి దించండి. వైస్ చాన్సలర్ గారి ఔదార్యంతో మొదలుపెట్టండి."

దించాను. వైస్ చాన్సలర్ గారు, రిజిస్ట్రారు గారు, కమిటీ, సంఘం, చివర ఫీజు. పద్నాలుగు లైన్లు వచ్చింది.

ఆదివారం మా పాత పత్రికలో జిల్లా పేజీలో వచ్చింది. శీర్షిక: 'నిరుపేద విదేశీ విద్యార్థినికి విశ్వవిద్యాలయం అండ'. కింద ఎనిమిది లైన్లు. సంఘం లేదు. ఫీజు లేదు. నిరుపేద అన్న మాట నా నోట్‌లో లేదు.

డెస్కుకి ఫోన్ చేశాను. జిలానీ ఎత్తాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే.

"చోటు చాల్లేదు సార్. మీరు చెప్పినట్టే కింద నుంచి తీశాను."

"నిరుపేద అని ఎక్కడిది?"

"మిగిలిన ఎనిమిది లైన్లు చదివితే అలాగే అనిపించింది సార్."

అతన్ని తప్పుపట్టలేకపోయాను. నాకూ అలాగే అనిపించింది.

మెస్సులో కోటమ్మ ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. తదాలా ఫొటో బాగా వచ్చింది.

"నిరుపేద అంటే ఏమిటి సార్?" అని అడిగింది తదాలా.

చెప్పాను.

ఆమె కవరులోంచి రసీదు నంబరు నూట పదిహేడు తీసి, పత్రిక మీద తన ఫొటో పక్కన పెట్టింది. రెండూ కలిపి ఫోనులో ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపింది. తర్వాత నా ముందుకి ఒక తెల్ల కాగితం జరిపింది.

"తప్పు పడితే పత్రికవాళ్ళు సరిచేస్తారు కదా సార్?"

"సవరణ వేస్తారు."

"రాయండి. అసలు విషయం పైన రాయండి."

జిలానీకి మళ్ళీ ఫోన్ చేశాను. నాలుగు లైన్లకి మించకూడదన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా పేరు మీద సవరణ పడలేదు. రాయడం మొదలుపెట్టాను. మొదటి లైనులో ఆ అమ్మాయి నాలుగేళ్ళ ఫీజు ముందే కట్టిందని రాశాను. రెండో లైనులో ఆమె నిరుపేద కాదని రాశాను. మూడో లైనులో హామీ ఉన్నది శ్రీ గంగానమ్మ మహిళా పొదుపు సంఘమని రాశాను. ఇదంతా పద్నాలుగో నిబంధన తీసేసిన ప్రచురణల సలహాదారు పానకాలరావు వల్ల జరిగిందన్నది నాలుగో లైనులో పెట్టాను.

మర్నాడు సవరణ వచ్చింది. మూడు లైన్లు.